పై పళ్ళు

పెరట్లో గొర్రె నోరు రెండు చేతులా తెరిచి పట్టుకుని మేష్టారు కొయ్యబారిపోయారు. కింద పళ్ళున్నాయి. పైన ముందువైపు ఒక్కటీ లేదు. మిగిలిన అయిదు గొర్రెలకూ అంతే.

ముప్పై ఏళ్ళు బడిలో జీవశాస్త్రం చెప్పి, రిటైరయ్యాక లాభసాటి గొర్రెల పెంపకంపై మూడు పుస్తకాలు చదివి, వద్దన్నా భార్యకు చదివి వినిపించిన మనిషి ఆయన. గొర్రెలు అమ్మినవాడికి వెంటనే ఫోన్ చేసి పిలిపించారు.

"పళ్ళూడిన ముసలివి అంటగడతావా? నన్నెవరనుకున్నావు?"

వ్యాపారి గొర్రెల వంక, ఆయన వంక చూసి తల దించుకున్నాడు. "తప్పయింది సార్. సగం ధరకు వెనక్కి తీసుకుంటాను."

"చూశావా, నా దగ్గరా వీడి వేషాలు" అని పెరడు ఊడుస్తున్న భార్యతో చెప్పి, మేష్టారు గొర్రె నోరు తెరిచిన చేత్తోనే మీసం మెలేసి లోపలికి వెళ్ళారు.

గొర్రెలను వ్యాను ఎక్కించాక వ్యాపారి మనసొప్పక ఆవిడ దగ్గర గొంతు తగ్గించాడు. "అమ్మా, పైన ముందుపళ్ళు ఏ గొర్రెకూ ఉండవు. సార్‌కి చెప్పమంటారా?"

"నోరు మూసుకుని తోలుకెళ్ళు" అందావిడ, చీపురు గోడకు ఆనించి. "మూడు నెలలుగా పెంటికలు ఊడ్చి నడుం పడిపోయింది. పళ్ళు చూడమని ఆయనకు చెప్పిందెవరనుకున్నావు?"