కుడివైపు మానిటర్

కుడివైపు మానిటర్ మళ్ళీ నల్లబడింది. ఫొటో స్టూడియో ఆయన ఉలిక్కిపడి లేచాడు. వైరు కదిపాడు. వెనక రెండు తట్టాడు. ఊహూఁ! ఆ నలుపు చూస్తే ఆయనకు భయం.

"గ్రాఫిక్స్ కార్డు పోయినట్టుంది," అన్నాడు.

"పోతే పోనివ్వండి. ఫొటోలు దిద్దుకోడానికి ఒక్క మానిటర్ చాలదూ?" అంది భార్య గుమ్మం అవతలి నుంచే. ఆరేళ్ళుగా ఆవిడ ఆ గదిలో కాలుపెట్టదు.

"చాలదు," అని చెప్పుల్లో కాళ్ళు దూర్చాడు.

ఆయన పని అలాంటిది. మంచి ఫొటో ఒక్కటైనా లేకుండా ఎవరైనా పోతే, ఆఖరి రోజున ఫోనులో తీసిన బొమ్మ పట్టుకుని ఇంటివాళ్ళు ఆయన దగ్గరికే పరిగెత్తుకొస్తారు. మూసుకున్న కళ్ళను ఆయన తెరుస్తాడు. చెయ్యి తిరిగిన మనిషి. ఆ వీధిలో సగం ఇళ్ళ గోడల మీద ఉన్నవి ఆయన తెరిచిన కళ్ళే.

భార్య మాత్రం ఎవరింటికీ వెళ్ళదు. తప్పనిసరై వెళ్తే తల వంచుకుని కూర్చుని, మంచినీళ్ళైనా ముట్టకుండా లేచొస్తుంది. పొగరనుకునేవాళ్ళు అనుకున్నారు.

కంప్యూటర్ షాపతను మూడు ఫ్యాన్ల కార్డొకటి తీసి, తనే పక్కన పెట్టేశాడు.

"ఇది ఆటలాడేవాళ్ళకి మాస్టారూ. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు? ఇదిగో, ఈ చిన్నది చాలు. ఎనిమిది జీబీ మెమరీ. రెండు మానిటర్లనీ హాయిగా లాగుతుంది."

"రంగు రెంటిలోనూ ఒకేలా రావాలయ్యా. వెంట్రుకవాసి తేడా ఉండకూడదు."

"అబ్బో, అంత పట్టింపా!"

"కుడివైపు చూసి ఎడమవైపు దిద్దుతాను మరి."

షాపతను నవ్వబోయి ఆగిపోయాడు. వాళ్ళమ్మ పోయి వారమే అయింది. జేబులోంచి ఫోను తీశాడు.

"మా అమ్మ. మా అందరికీ ఫొటోలు తీసేది గానీ తను ఒక్కదాంట్లోనూ లేదు. ఉన్నది ఇదొక్కటే. రేపు చుట్టాలొస్తున్నారు. ఒక్కసారి మళ్ళీ నాకేసి చూస్తే చాలు మాస్టారూ!" ఫోను ఆయన చేతిలో పెట్టాడు.

సాయంత్రానికల్లా స్టూడియో ఆయన ఇంటికొచ్చి కార్డు బిగించాడు. రెండు మానిటర్లూ వెలిగాయి. ఎడమవైపు షాపతని తల్లి. కుడివైపు ఎప్పుడూ ఉండే ఫొటోనే. హమ్మయ్య అనుకుని పనిలో దిగాడు.

మర్నాడు గోడకెక్కిన ఫ్రేము చూసి షాపతను బావురుమన్నాడు.

"అచ్చం అమ్మ చూపే! ఎటు జరిగినా నన్నే చూస్తోంది!"

బతిమాలి పిలిస్తే వచ్చిన స్టూడియో ఆయన భార్య ఒక్కసారైనా తలెత్తలేదు. తిరిగొచ్చేటప్పుడు దారిలో, "ఇంకా ఎన్నిళ్ళల్లోనండీ?" అని మాత్రం అడిగింది. ఆయన నడక వేగం పెంచాడు.

కుడివైపు మానిటర్‌లో ఎప్పుడూ ఉండే ఆ ఫొటో ఆరేళ్ళ కిందట పోయిన వాళ్ళ పాపది, ఆ వీధిలో గోడ గోడనా ఆయన తెరిచిన కళ్ళన్నీ దాని కళ్ళే.