ఆఖరి కిరాయి

మొదటి కోటలోనే డ్రైవరుకి అనుమానం వచ్చింది.

పెద్దాయన దర్బారు చూడలేదు, ఫిరంగులు చూడలేదు. టిక్కెట్టు చింపించుకోగానే తిన్నగా బురుజెక్కి, గోడ మీదికి వంగి, కింద ఎండిపోయిన కందకంలోకి చూస్తూ నిలబడ్డాడు.

"ఇక్కణ్ణించి పడితే మనిషి మిగలడు కదూ?" అన్నాడు, టీ తాగుదామా అన్నంత మామూలుగా.

డ్రైవరు ఏదో మాట మార్చి, చెయ్యి పట్టుకుని కిందికి దింపుకొచ్చాడు.

అసలు ఈ ప్రయాణం మీద అతనికి మనసే లేదు. తమ్ముడు పోయిన దగ్గర్నుంచి కారు మీద కప్పిన పట్టా తీయలేదు. ఎవరో పెద్దాయనట, కోటలూ రాజమహళ్లూ తిప్పి చూపించాలట అని భార్యే బేరం కుదిర్చింది. ఈ ఒక్కసారికీ వెళ్లి రమ్మని కాళ్లావేళ్లా పడింది. సరే, ఇదే ఆఖరి కిరాయి అనుకుని బయల్దేరాడు. తీరా చూస్తే ఈ గండం మెడకు చుట్టుకుంది.

రెండో కోటలో పెద్దాయనకంటే ముందే మెట్లెక్కి గోడకి అడ్డంగా నిలబడ్డాడు. లాడ్జిలో తనకి వేరే గది వద్దని, ఆయన గదిలోనే తలుపుకి అడ్డంగా పక్క వేసుకున్నాడు. పెద్దాయన కాదనలేదు. భోజనాల దగ్గరే పేచీ. నువ్వు తింటేనే నేను తింటానన్నాడు. చేసేదేముంది, గొంతు దిగని ముద్దల్ని డ్రైవరు నీళ్లతో దింపుకున్నాడు.

కారులో ఊరుకుంటే ఈయన ఏం ఆలోచిస్తాడోనని మరో భయం. దారి పొడుగునా నోటికొచ్చింది వాగాడు. వాగడానికి ఇంకేమీ మిగలక, ఎవరి దగ్గరా ఎత్తని తమ్ముడి మాట ఎత్తాడు. పక్క సీట్లో తమ్ముడు, స్టీరింగు తన చేతుల్లో, ఎదురుగా లారీ. చెబుతూ చెబుతూ కారు పక్కకి ఆపేసి వెక్కి వెక్కి ఏడ్చాడు. పెద్దాయన వీపు మీద చెయ్యి వేసి ఉంచాడు.

చివరిది కొండమీది మహలు. డ్రైవరు నీళ్ల సీసా కొని తిరిగేలోపు పెద్దాయన మాయమయ్యాడు. అంతఃపురం, అద్దాల గది, వంటశాల, అన్నీ గాలించాడు. గాభరాగా పైకి పరిగెత్తితే, పిట్టగోడ అంచున కనిపించాడు. వెనక నుంచి నడుం పట్టి లాగితే ఇద్దరూ రాతినేల మీద కూలబడ్డారు.

"మీరు పోతే పోతారు సార్. మీ వెనకున్నవాళ్లు రోజూ చావాలి. అది ఆలోచించారా?" డ్రైవరు ఆయన నడుం వదల్లేదు. "మీవాళ్లతో మాట్లాడించండి. ఇప్పుడే."

పెద్దాయన లేచి కూర్చున్నాడు. తర్వాత జేబులోంచి ఫోను తీసి, తనే నంబరు నొక్కి, అతని చేతిలో పెట్టాడు.

డ్రైవరు నోరు తెరిచేలోపే అవతల్నుంచి అతని భార్య గొంతు వినిపించింది: "మాస్టారూ, ఈ రోజు కూడా మా ఆయన్ని చావకుండా ఆపగలిగారా?"