మాటల్లేని పడవ

“నీడ వైపు నేను కూర్చుంటానని టికెట్లు తీసుకున్న రోజే చెప్పాను,” అంది భార్య.

“ఆ రోజు మనం మొగుడూ పెళ్లాలం. ఇప్పుడు ఎవరి నీడ వాళ్లు చూసుకోవాలి,” అన్నాడు లెక్కల మేష్టారు. అంటూనే ఎండ వైపు బల్ల మీద కూలబడ్డాడు.

మర్నాడు ఇద్దరూ విడాకుల కాగితాల మీద సంతకాలు పెట్టడానికి లాయరు దగ్గరికి వెళ్లాలి. పెళ్లిరోజుకని ఎప్పుడో తీసుకున్న పడవ టికెట్లు మాత్రం వెనక్కి తీసుకునేది లేదన్నారు పడవవాళ్లు. నువ్వు మానుకో అంటే మీరు మానుకోండని పంతానికి పోయి, చివరికి ఇద్దరూ బయల్దేరారు. విడిపోయే ముందు కూడా ఒకే ఆటోలో రావలసి వచ్చినందుకు దారి పొడవునా పోట్లాడుకున్నారు.

చిన్న పడవ. పైన గుడ్డ కప్పు, కింద ఎదురెదురుగా రెండు బల్లలు. కాలువకి ఒకపక్క ఊళ్లు, మరోపక్క సన్నటి ఇసకదిబ్బ, దాని అవతల సముద్రం హోరు. వెనక చుక్కాని దగ్గర సరంగు కూర్చున్నాడు. ముందు పొడవాటి గడ పట్టుకుని అతని ఈడు ఆడమనిషి నిలబడింది. ఆ రోజు ప్రయాణికులు వీళ్లిద్దరే.

“వచ్చేటప్పుడు వంటింట్లో కుళాయి కట్టారా?”

“కట్టాను.”

“పోయినసారీ అదే అన్నారు. పక్కింటివాళ్లు ఫోన్ చేసేదాకా నీళ్లు పోతూనే ఉన్నాయి.”

“పోయినసారి కట్టింది నేను, విప్పింది నువ్వు.”

“సరే, మా అమ్మకి విడాకుల సంగతి మీరే చెప్పండి.”

“మీ అమ్మకి చెప్పే బదులు ఈ నీళ్లలో దూకుతాను.”

“దూకండి. ఈత కూడా రాదు.”

“అదేగా నీకు కావలసింది.”

ఆవిడ మొహం తిప్పుకుంది. ఏడుపు తన్నుకొచ్చింది. కొట్టే మనిషి కాదు, తాగే మనిషి కాదు. ఈ పాడు నోళ్లు మూతపడకే కదా ఇంతదాకా వచ్చిందని ఆవిడకి తన మీదా, అతని మీదా కూడా జాలేసింది.

కాసేపయ్యాక ముందుకి వంగి, గొంతు తగ్గించింది.

“ఏమండీ, వాళ్లని చూశారా? మనం ఎక్కినప్పట్నుంచీ ఒకళ్లతో ఒకళ్లు ఒక్క మాటన్నా మాట్లాడారా?”

మేష్టారు చూశాడు. ఎడమ పక్క ఇసక మేట కనబడగానే పడవామె కుడిచెయ్యి ఎత్తింది. పడవ కుడికి తిరిగింది. వంతెన దగ్గరపడుతుంటే సరంగు కప్పు కర్ర మీద రెండుసార్లు తట్టాడు. ఆమె వెనక్కి చూడకుండానే కప్పు దించింది. తర్వాత ఫ్లాస్కులోంచి టీ పోసి గ్లాసు బల్ల చివర పెట్టింది. అతను ఎప్పుడు తీసుకున్నాడో తెలీదు, ఖాళీ గ్లాసు మళ్లీ అదే చోటికి వచ్చింది.

“చెప్పకుండానే అన్నీ అర్థమైపోతున్నాయి వాళ్లకి. మనకి చెప్పినా అర్థం కాదు,” అంది ఆవిడ.

“చెప్పేది నువ్వైతే...” అనబోయి మేష్టారు ఆగిపోయాడు. ఆవిడ కాపురానికొచ్చాక అతను సగంలో మింగేసిన మొదటి మాట అదే.

“మనమూ ఓ గంట నోరు మూసుకుని చూద్దామా?” అంది ఆవిడ.

“పందెమా?”

“కాదు. ఊరికే.”

మొదట్లో మేష్టారికి నోరు దురద పెట్టింది. గట్టు మీద ఉప్పుమళ్లు, వలలు బాగుచేసుకునే మనుషులు, ఒంటికాలి మీద నిలబడ్డ కొంగలు ఒక్కటొక్కటే వెనక్కి వెళ్లాయి. ఆ కొంగలకి ఏదో పేరు పెట్టి ఆవిణ్ణి ఏడిపిద్దామనిపించింది కానీ ఓర్చుకున్నాడు. కాలువ మలుపు తిరగ్గానే ఆవిడ మొహం మీద ఎండ పడింది. అతను పక్కకి జరిగి, నీడొచ్చిన తన బల్ల మీద చోటు చూపించాడు. ఆవిడ వచ్చి కూర్చుంది. సంచిలోంచి కమలాపండు తీసి ఒలిచి, తొనల్లో గింజలు తీసి మరీ అతని చేతిలో పెట్టింది. గింజలంటే అతనికి ఎంత చిరాకో ఆవిడకి ఎవరూ గుర్తుచెయ్యక్కర్లేదు.

కాలువ సముద్రంలో కలిసే చోట పెద్ద అల ఒకటి పడవని ఎత్తి కుదేసింది. ఆవిడ అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది. అల వెళ్లిపోయింది గానీ ఇద్దరిలో ఎవరూ చెయ్యి తీసుకోలేదు. ఈ మనిషి లేని ఇంట్లోకి తాళం తీసుకుని ఎలా వెళ్లడమా అని ఆవిడకి భయం వేసింది.

“రేపు లాయరు దగ్గరికి వద్దు,” అన్నాడు మేష్టారు.

“గంట ఇంకా కాలేదు,” అంది ఆవిడ కళ్లు తుడుచుకుంటూ.

“కాలేదా?”

“పోనివ్వండి. నేనూ అదే చెబుదామనుకుంటున్నాను.”

రేవు రాగానే సరంగు తాడు కట్టడానికి దిగాడు. ఆవిడ పడవామె దగ్గరికి వెళ్లి రెండు చేతులూ పట్టుకుంది.

“అక్కా, మీ ఇద్దర్నీ చూసే మేం విడాకులు మానుకున్నాం. ఒక్క మాట అనుకోకుండా ఇంత చక్కగా కాపురం ఎలా చేస్తున్నారో మాకూ చెప్పాలి.”

పడవామె రేవు వైపు చూసింది. సరంగు అటు తిరిగి తాడు ముడేస్తున్నాడు.

“కాపురం ఎక్కడిదమ్మా. మాకు విడాకులై ఎనిమిదేళ్లు. ఇద్దరికీ బతుకుతెరువు ఈ పడవొక్కటే, దీన్ని రెండు ముక్కలు చెయ్యలేం కదా,” అందామె. “ఇందాక మీరు అలా పోట్లాడుకుంటుంటే, ఆ మనిషి నన్ను ఒక్కసారి అలా తిట్టినా బాగుండునని ఎంత అనిపించిందో.”