పావుగంట పందెం

“అబ్బీ, ఇంగా ఆ డొక్కు కారే తుడుస్తాండావా?”

కువైట్‌లో, సాల్మియాలోని ఆ ఇంటి వంటమనిషి సిద్ధమ్మ షెడ్డు గుమ్మంలో నిలబడి అడిగింది. ఇరాక్ సైన్యం దిగిన రోజే ఇంటి యజమాని, వీళ్ల కఫీల్, పెళ్లాంబిడ్డలతో సౌదీకి పారిపోయాడు. వీళ్లిద్దరే మిగిలారు.

“కఫీల్ తిరిగొచ్చి దుమ్ము చూసినాడంటే జీతం కోస్తాడక్కా,” అన్నాడు డ్రైవర్ ఓబులేసు. “ఇది పాతకార్ల పందేలకు పోయే బండి. ఏడాదంతా దీనికి దినార్లు పోసి, ఓడెక్కించి ఫారిన్ పంపిస్తాడు. ఆడ పందెం ఎంతసేపనుకున్యావు? పావుగంట! పోయినసారి ఆ పావుగంట గూడా గాల్యా, ఇంజన్ కాలిపాయ. గెలిచినా ఇచ్చేది ఒక కప్పు అంట. ఇట్లాంటి తిక్కలోడు యాడన్నా ఉంటాడా?”

“నువ్వు ఈడికొచ్చేదానికి ఏం పోస్తివి?”

“ఉండే చీనీకాయల తోట అమ్మి ఏజెంటుకిస్తి.”

“ఎప్పుడొస్తివి?”

ఓబులేసు చేతిలో గుడ్డ ఆగింది. “మొన్న ఉగాది దాటినాక. నాలుగు నెల్లు గూడా గాల్యా.”

బయట వీధిలో యుద్ధ ట్యాంకు పోతుంటే షెడ్డు రేకులు అదిరాయి.

“వాడు ఇంగో ఇంజన్ కొంటాడులే,” అంది సిద్ధమ్మ. “నీకు ఇంగో తోట ఉండాదా?”