చిరుత మీద కాలు

సుబ్బరావమ్మ పచ్చడి సీసాని తువ్వాలులో చుట్టి మనవరాలి బ్యాగులో పెట్టింది. మళ్లీ తీసి, మూత బిగించి, మళ్లీ పెట్టింది. ఇంట్లో ఎవరు ప్రయాణమైనా ఆమె చేతులకి స్థిమితం ఉండదు. పాలప్యాకెట్టుకని సెంటరుకి వెళ్లే మనిషిని కూడా మలుపు తిరిగేదాకా గేటు దగ్గర నిలబడి చూస్తుంది.

మనవరాలు తేజశ్రీ పశువుల డాక్టరు చదువు పూర్తి చేసింది. దెబ్బలు తగిలిన అడవి జంతువులకి వైద్యం చేసే ఒక సంస్థలో సోమవారం చేరాలి. సాయంత్రం బస్సుకి టికెట్టు కూడా తీసుకుంది. తీరా పొద్దున ఆ సంస్థ మేడమ్ ఫోన్ చేసి, ఆ ఫొటో సంగతేమిటో అందరూ చదివేలా రాస్తేనే రమ్మని, లేకపోతే రానక్కర్లేదని తేల్చి చెప్పింది.

ఆ ఫొటోని ఫేస్‌బుక్కులో పెట్టింది తేజశ్రీ తల్లి నాగజ్యోతి. కూతురికి దుప్పటి తీయబోతే సుబ్బరావమ్మ ట్రంకుపెట్టె అడుగున కనిపించింది. చచ్చిన చిరుతపులి మీద కాలు మోపి, నాటు తుపాకీ పట్టుకుని నిలబడ్డ కుర్రవాడు. తన తండ్రి యలమందయ్య. పోయి పదేళ్లయిన తండ్రిని అంత కుర్రతనపు ఫొటోలో చూడటం ఆమెకి అదే మొదలు. మురిసిపోయి, 'మా నాన్న పులిని కొట్టిన మొనగాడు' అని రాసి, కూతురి పేరు కూడా తగిలించింది.

రెండు రోజుల్లో లోకం విరుచుకుపడింది. నాగజ్యోతి ఫొటో తీసేసింది కానీ అప్పటికే అది చేతులు మారి ఎక్కడెక్కడికో పోయింది. వేటగాడి మనవరాలా జంతువులకి వైద్యం చేసేదని అడిగారు. మిరప కల్లంలో తొడిమలు తీసే ఆడవాళ్లు నాగజ్యోతి వస్తూనే మాటలు ఆపేశారు. ఆమె మర్నాటి నుంచి కల్లానికి వెళ్లడం మానేసింది.

సుబ్బరావమ్మ బడి మొహం ఎరగదు. పొట్లాల కాగితాలు కూడబలుక్కుని చదువు నేర్చుకుంది. ఆ తిట్లన్నీ అలాగే ఒక్కొక్కటీ చదివింది. 'పాపం, ఆ చిరుతకి పిల్లలుండేవేమో, తల్లి కోసం ఎంత ఎదురుచూశాయో' అని ఎవరో రాశారు. అది చదివాక ఫోను బోర్లించి పెట్టేసి, మళ్లీ ముట్టుకోలేదు.

తేజశ్రీ వచ్చి ఆమె పక్కన మంచం మీద కూర్చుంది.

"అమ్మమ్మా, తాతయ్య కల్లంలో పాము కనపడినా కర్ర ఎత్తనిచ్చేవాడు కాదు. దూడ కాలు విరిగితే కట్టు కట్టడం నాకు నేర్పిందే ఆయన. అలాంటి మనిషి ఊరికే చంపుతాడా?"

సుబ్బరావమ్మ బ్యాగు జిప్పు లాగుతూ ఉండిపోయింది.

గుమ్మంలో నిలబడ్డ నాగజ్యోతి అందుకుంది. "కారణమేముంటుందే? వయసు పొగరు. చేతిలో తుపాకీ ఉందిగా."

ఆమెకి తెలిసిందీ అంతే. ఆ ఫొటో నాటికి ఆమెకి నాలుగేళ్లు. అందరూ వినుకొండ అవతల కొండ కింద ఊళ్లో ఉండేవాళ్లు. ఆమెకి ఏదో జ్వరం వచ్చిందని సింగరాయకొండలో మేనమామ ఇంటికి పంపారు. ఏడాది తర్వాత తీసుకొచ్చేసరికి అమ్మానాన్నలు పాత ఊరు, అక్కడి చుట్టరికాలు అన్నీ తెంచుకుని ఈ పత్తి నేలకి వచ్చేసి ఉన్నారు. ఎందుకొచ్చారంటే నీళ్లు లేకనేవారు.

"తాతయ్య గొప్పకి చంపి ఉంటే గోడకి తగిలించుకునేవాడు. పెట్టె అడుగున ఎందుకుంది?" అంది తేజశ్రీ.

"కాల్చెయ్యమన్నాడు. నేనే దాచాను."

"ఎందుకని?"

"నా దగ్గర ఆ రోజులవి ఇంకేమీ లేవమ్మా."

తేజశ్రీ ఆమె చెయ్యి పట్టుకుంది. "ఒక్క కారణం చెప్పు చాలు, అమ్మమ్మా. గొర్రెల్ని లాక్కుపోయిందనో, మనుషుల మీద పడిందనో. అది రాస్తే అందరి నోళ్లూ మూతపడతాయి. తాతయ్య పేరూ నిలబడుతుంది."

సుబ్బరావమ్మ తలెత్తి కూతురి వంక చూసింది. నెరిసిన జుట్టు, మూడు రోజులుగా ఏడ్చి ఉబ్బిన కళ్లు. చాలాసేపు చూసింది.

"సరదాకే చంపాడు. వద్దంటే వినలేదు," అంది.

"ఒట్టు?"

"ఒట్టు." ఆ ఒట్టు తన తల మీదే వేసుకుంది. పిల్ల తల మీద చెయ్యి పెట్టడానికి మాత్రం ఆమెకి ధైర్యం చాలలేదు.

తేజశ్రీ మొహం వాడిపోయింది. ఫోను తీసి, మా తాతయ్య సరదా కోసం ఒక ప్రాణిని చంపాడు, అందుకు మా కుటుంబం సిగ్గుపడుతోంది, క్షమించండి అని రాసింది. పంపే ముందు పైకి చదివి వినిపించింది. నాగజ్యోతి లోపలికి వెళ్లి, గోడ మీద దండ వేసి ఉన్న యలమందయ్య పటాన్ని దించి, బియ్యం డబ్బా వెనక గోడవైపు తిప్పి పెట్టింది. సుబ్బరావమ్మ చూసి కూడా వద్దనలేదు.

గంటలో మేడమ్ దగ్గర్నుంచి కబురొచ్చింది. నిజాయితీగా ఒప్పుకున్నందుకు మెచ్చుకుంది, సోమవారం రమ్మంది.

ఆటో వచ్చింది. కూతుర్ని బస్సెక్కించడానికి నాగజ్యోతి కూడా ఎక్కుతూ, ఒక్క క్షణం ఆగింది.

"నువ్వయినా ఆయన్ని ఆపాల్సింది, అమ్మా. నీ మొగుడు చేసిన పనికి ఇవాళ నేను తలెత్తుకోలేకపోతున్నాను."

"ఆపాల్సిందే," అంది సుబ్బరావమ్మ. "నువ్వు జాగ్రత్తగా వెళ్లిరా. పొద్దుపోకముందే వచ్చెయ్యి."

ఆటో మలుపు తిరిగేదాకా గేటు పట్టుకుని నిలబడింది. తర్వాత లోపలికెళ్లి, బియ్యం డబ్బా వెనక నుంచి భర్త పటం తీసి ఒళ్లో పెట్టుకుంది. కాలు మోపమన్నదీ, తుపాకీ నిలబెట్టమన్నదీ వినుకొండ నుంచి వచ్చిన ఫొటో తీసేవాడు. ఎక్కడ నిలబెడితే అక్కడ నిలబడ్డాడు యలమందయ్య. ఆ సాయంత్రమే ఆమె చేత తన చేతిలో చెయ్యి వేయించుకుని ఒకే ఒక్క మాట అడిగాడు.

"పిల్లదానికి మాత్రం ఎప్పటికీ తెలియనివ్వకు."

డెబ్భై రెండు మాఘమాసంలో, మిరపచేను గట్టున నాలుగేళ్ల నాగజ్యోతిని కాపలా పెట్టి పడుకోబెట్టిన చంటి తమ్ముడు మళ్లీ ఇంటికి రాలేదు.