పడని గేటు

పొద్దుటి నుంచీ సుందరమ్మ ఒక్కచోట కుదురుగా కూర్చోలేదు.

దబీర్‌పురా అవతల, రైళ్లు తిరగని పాత పట్టాల మీద ఇవాళ పరీక్ష. రైలు వస్తే మనిషి అవసరం లేకుండా గేటు వేసే కంప్యూటర్‌కు. దాని ప్రోగ్రాం రాసింది ఆమె కొడుకు సీమోను. ఇంజను వచ్చేలోపు గేటు పడకపోతే మనుషులు పోతారు.

"ఇంట్ల కూసుంటే గుండె ఆగేటట్టుంది కొడుకా" అని వెంటబడి వచ్చింది. గేటు పక్క గదిలో, కంప్యూటర్ పెట్టె దగ్గర స్టూలు వేసి కూర్చోబెట్టాడు సీమోను. పెట్టె మీద, ప్రమాదం చూసినవాళ్లు స్టేషనుకు కబురంపేందుకు ఒక ఎర్ర బటన్ ఉంది.

"రైలొచ్చేదాక గా కంప్యూటరు ఆలోచించుకుంట కూసుంటే ఎట్ల బిడ్డా?"

"ఎంత ఆలస్యమైనా ఇంతకు మించి గాదని లెక్కగట్టినం అమ్మా. నెల నుంచి నడుపుతున్నం. ఒక్కపారి గూడ లేటు గాలె."

"నెలల రానిది ఇయ్యాల వస్తేనో?"

గుమ్మంలో నిలబడ్డ పెద్ద ఇంజనీరు వెంకటనారాయణ పకపకా నవ్వాడు. "సీమోనూ, మీ అమ్మకు మన ఆఫీసుల కుర్చీ వేద్దామా? ఫికర్ చేసుడు మనకన్న మంచిగొచ్చు."

దూరంగా ఇంజను కూత వినిపించింది. సీమోను, వెంకటనారాయణ బయటికి పరుగెత్తారు.

మలుపులో ఇంజను కనిపించింది. గేటు కదల్లేదు.

ఇంజను దగ్గరికొచ్చింది. గేటు కదల్లేదు.

తెరిచే ఉంది కదా అని ఒక ఆటో పట్టాల మీదికి ఎక్కింది. అందులో ఆడవాళ్లు, పిల్లలు.

"యేసయ్యా!" గదిలోంచి చూస్తున్న సుందరమ్మ ఎడమచేత్తో కళ్లు మూసుకుంది.

సీమోను ఎర్రజెండా ఊపుతూ ఇంజనుకు ఎదురు ఉరికాడు. బ్రేకులు కీచుమన్నాయి. ఆటోకు బెత్తెడు దూరంలో ఇంజను ఆగింది.

గేటు ఇంకా పైనే ఉంది.

"నెల రోజులు చేసింది, ఇయ్యాల ఏం రోగమొచ్చిందయ్యా దీనికి?" అని అరిచాడు వెంకటనారాయణ.

"ఎండల చూసిన, వానల చూసిన, కరెంటు తీసేసి గూడ చూసిన సార్..."

చెమటలు కక్కుతూ సీమోను గదిలోకొచ్చాడు. "అమ్మా, కండ్లు తెరువే. ఎవ్వరికేం గాలె."

ఆమె తెరవలేదు. ఆ ఎర్ర బటన్ నొక్కిన ప్రతిసారీ కంప్యూటర్ గేటు పని ఆపి మొదట స్టేషనుకు కబురంపుతుంది; ప్రమాదం చూసినవాళ్లు ఒక్కసారే నొక్కుతారని కొడుకు లెక్కగట్టాడు. అది తెలియక, కూత విన్నప్పటి నుంచీ ఆమె కుడిచేయి దాన్ని టకటకా నొక్కుతూనే ఉంది.