నడుం నొప్పి లేని శనివారం

మిర్తాకి మొగుడి మీద పెద్ద ఫిర్యాదులేం లేవు. తిన్న కంచం తీయమంటే చాలు, ఆయనకి నడుం పట్టేస్తుంది. అంతే. పళ్ళ డాక్టరు కదా, పొద్దస్తమానం పరాయి నొప్పులు చూసి చూసి తనకీ సొంతానికి ఒకటి ఉండాలనుకున్నాడేమో!

ఆమె మేనమామ ఏటా కోతలకి రమ్మని కబురు పెడతాడు. ఏటా సరిగ్గా ఆ వారమే ఫౌస్తోకి నడుం పట్టేస్తుంది. పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఆ మేనమామ పేరేమిటో, ఊరేదో, మొహం ఎలా ఉంటుందో కూడా ఆయనకి తెలియదు.

"నేను డాక్టర్ని. కూలీని కాను" అంటాడు.

అలాంటి మనిషి ఈసారి తనంతట తనే బయల్దేరాడు. మిర్తా ఫోనులో చూపించిన ప్రకటన అలాంటిది మరి. 'మెండోసాలో ముత్తాతల నాటి ద్రాక్షతోట. వారాంతపు విహారం. మీ చేతులతో మీరే ద్రాక్ష కోసే అరుదైన అవకాశం. ఎంపిక చేసిన జంటలకు మాత్రమే.'

ఆ చివరి ముక్క చదవగానే ఫౌస్తో డబ్బు కట్టేశాడు. కొత్త గడ్డి టోపీ కూడా కొన్నాడు.

తోటలో స్వాగతాలూ గట్రా ఏం లేవు. నికనోర్ అనే బుర్రమీసాల పెద్దాయన చెరో కత్తెర, చెరో రేకు డబ్బా చేతిలో పెట్టాడు.

"కబుర్లు తర్వాత. కూలీలు ఎగ్గొట్టారు. అదిగో, కొండమీద మబ్బు. కోత ముగిసేలోపు వడగళ్ళు పడ్డాయంటే ఈ ఏడాది మా నోట్లో మట్టే!"

"చూశావా, ఎంత సహజంగా నటిస్తున్నాడో!" ఫౌస్తో పెళ్ళాం చెవిలో అన్నాడు.

మిర్తా మబ్బు వైపు చూసింది. గబగబా కోయడం మొదలుపెట్టింది.

వాకిట్లో ఒక ముసలమ్మ వడగళ్ళు పడకూడదని బూడిదతో శిలువ గీస్తుంటే, ఫౌస్తో మెచ్చుకోలుగా ఫోటో తీశాడు. నిండిన డబ్బాని భుజానికెత్తి లారీలో కుమ్మరిస్తే చేతిలో ఒక రేకు బిళ్ళ పడుతుంది. కూలీలైతే వాటిని చూపించి కూలి తీసుకుంటారు. ఫౌస్తో జ్ఞాపకంగా దాచుకున్నాడు. జేబు గలగలమనేకొద్దీ ఆయన నడక పరుగైంది.

"ఏమయ్యా డాక్టరూ, గుత్తి కోయమంటే తీగ లాగుతావేం? అది పన్ననుకున్నావా పీకడానికి?" నికనోర్ గద్దించాడు.

"అబ్బ, ఏం తిట్టాడే! ఇచ్చిన డబ్బుకి న్యాయం చేస్తున్నాడు!" ఫౌస్తో పెళ్ళాంతో మురిపెంగా అన్నాడు.

మధ్యాహ్నం ఎండు రొట్టె, సలామీ మాంసం ముక్కలు, సోడా కలిపిన వైన్. ఇంట్లో సూప్‌లో ఉప్పు తగ్గితే అలిగే మనిషి లొట్టలేసుకుంటూ తిన్నాడు.

"నడుం ఎలా ఉందండీ?" అడిగింది మిర్తా.

"నడుమా? ఏ నడుం?"

సాయంత్రం ఆఖరి లారీ గేటు దాటిందో లేదో, షెడ్డు రేకుల మీద టపటపా వడగళ్ళు. హమ్మయ్య అనుకుంటూ మిర్తా అప్పుడు కూలబడింది.

"వచ్చే ఏడాదికి మా పేర్లు ఇప్పుడే రాసుకోండి. రేటు పెంచినా సరే!" అనేసి ఫౌస్తో స్నానానికి వెళ్ళాడు.

తలుపు గడియ పడేదాకా ఆగి, నికనోర్ మిర్తా గ్లాసు నింపాడు. మీసాలు తడుముకుంటూ ఒప్పేసుకున్నాడు.

"తప్పు నాదేనే మేనకోడలా! కూలి ఇస్తామన్నా నీ మొగుడు మన తోటలో ఒక్క గుత్తి కొయ్యడన్నాను, ఎదురు డబ్బిచ్చి మరీ కోశాడు!"